కొన్న పేరు, సంపాదించిన పేరు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి చైతన్యపురి వైపు నడుస్తుంటే ఖాళీ గోడ ఒక్కటీ కనిపించదు. గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంక్ పీఓ, సీఏ, స్పోకెన్ ఇంగ్లిష్, జావా, పైథాన్ అంటూ ఏ బోర్డు మీద చూసినా ఏదో ఒక కోర్సు పేరే. దాని పక్కనే అబ్బాయిలకో, అమ్మాయిలకో ఒక హాస్టల్. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి విజయవాడ రోడ్డు మీద వచ్చే బస్సులూ, మాల్, దేవరకొండ వైపు నుంచి సాగర్ రోడ్డు మీద వచ్చే బస్సులూ ఎల్బీనగర్ చేరతాయి. ఆ జిల్లాల పిల్లలకు హైదరాబాద్ అంటే ముందుగా తగిలేది ఈ తూర్పు వైపే కాబట్టి కోచింగ్ సెంటర్లు ఇక్కడ ఇంతగా పెరిగాయి. అయితే ఏ సెంటర్లో చేరాలన్న నిర్ణయం ఇప్పుడు ఈ రోడ్డు మీద జరగడం తగ్గింది. సూర్యాపేటలో బస్సెక్కక ముందే పిల్లవాడు ఫోన్‌లో 'దిల్‌సుఖ్‌నగర్ గ్రూప్-2 కోచింగ్' అని కొట్టి చూస్తాడు. మొదట కనిపించిన నాలుగైదు పేర్లలోంచి రెండు రాసుకుని బయల్దేరతాడు. ఆ నాలుగైదులో తమ పేరు ఉండాలన్న ఆరాటం యజమానులకు ఉండటంలో తప్పేమీ లేదు. ఆ ఆరాటం మీద జరుగుతున్న వ్యాపారం గురించే ఇక్కడ మాట్లాడుకోవాలి.

చిన్న ఇన్‌స్టిట్యూట్లకూ, హాస్టళ్లకూ, ఏసీ రిపేరు వాళ్లకూ, ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లకూ తరచుగా వినిపించే ప్యాకేజీ ఒకటుంది. ఏరియా పేరు, కోర్సు పేరు, ముందో వెనకో 'బెస్ట్' అన్న మాట అతికించి పది డొమైన్ పేర్లు కొనిపెడతారు. ఆ పదింటినీ యజమాని అసలు వెబ్‌సైటుకు రీడైరెక్ట్ చేస్తారు. జనం వెతికే మాటలే డొమైన్ పేరులో ఉన్నాయి గనుక గూగుల్ ఆ సైటును పైకి లేపుతుందని, మూడు నెలల్లో ఫస్ట్ పేజీ ఖాయమని హామీ ఇస్తారు. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లో ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. గ్యారంటీ సంగతి పక్కన పెట్టి, ఆ ప్యాకేజీ వెనక ఉన్న తర్కాన్నే పరీక్షించినా అది నిలబడదు. రీడైరెక్ట్ చేసే పని ఒకే ఒక్కటి: పాత అడ్రసు సంపాదించుకున్న దాన్ని కొత్త అడ్రసుకు చేరవేయడం. నిన్న కొన్న పేరు ఇంకా ఏమీ సంపాదించలేదు కాబట్టి అది చేరవేసేదీ ఏమీ ఉండదు.

రీడైరెక్ట్ జరిగే తీరు చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. మనం ఒక అడ్రసు టైప్ చేయగానే బ్రౌజర్ ఆ పేరున్న సర్వర్‌ను పేజీ ఇమ్మని అడుగుతుంది. మామూలుగా అయితే సర్వర్ పేజీ పంపుతుంది. రీడైరెక్ట్ పెట్టి ఉంటే పేజీ బదులు 301 అన్న సంఖ్య, దానితో పాటు ఒక కొత్త అడ్రసు పంపుతుంది. 'ఇక్కడ ఉండాల్సింది శాశ్వతంగా అక్కడికి వెళ్లిపోయింది' అని ఆ సంఖ్యకు అర్థం. తాత్కాలికంగా మారితే 302 పంపుతారు. బ్రౌజర్ రెప్పపాటులో కొత్త అడ్రసుకు వెళ్లిపోతుంది, చూసేవాడికి ఏం జరిగిందో తెలియదు. గూగుల్ పంపే రోబో కూడా అదే దారిలో వెళ్తుంది, వరసగా పది మళ్లింపుల దాకా వెంబడిస్తుంది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఏమిటంటే, రీడైరెక్ట్ పెట్టిన డొమైన్ మీద పేజీ అనేదే లేదు. చదవడానికి ఒక్క వాక్యం లేని చోట గూగుల్ తన సూచికలో ఎక్కించుకునేది ఏముంటుంది? శాశ్వత మళ్లింపు చూశాక అది ఎక్కించుకునేది గమ్యంలో ఉన్న పేజీని, ఫలితాల్లో చూపించేది గమ్యం అడ్రసును. కీవర్డులు కూర్చి కష్టపడి కొన్న ఆ పొడవాటి పేరు వెతికేవాడి కంటికి కనిపించనే కనిపించదు. కావాలంటే ఆ ప్యాకేజీ కొన్నవాళ్లు ఎవరైనా తమ ఇన్‌స్టిట్యూట్ పేరు గూగుల్‌లో కొట్టి, వచ్చిన ఫలితాల్లో ఏ అడ్రసు కనిపిస్తోందో చూసుకోవచ్చు.

కొత్తపేటలో ఉన్నవాళ్లకు ఇది పండ్ల మార్కెట్ ఉదాహరణతో చెబితే తేలిగ్గా అందుతుంది. మూడు దశాబ్దాలకు పైగా అక్కడ నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021-22లో విజయవాడ రోడ్డు మీదున్న బాటసింగారానికి తరలించారు. పాత స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. మామిడి లోడుతో పాత గేటు దగ్గరికి వచ్చిన రైతుకు 'మార్కెట్ బాటసింగారం మారింది' అని బోర్డు కనిపిస్తే అతను లారీ తిప్పుకుని అక్కడికి వెళ్తాడు. ఎందుకంటే అతనికి కావలసిన కమీషన్ ఏజెంట్లు, కొనుగోలుదార్లు, ఏళ్ల తరబడి నడిచిన పద్దులు అన్నీ అక్కడికి చేరాయి. ఆ బోర్డుకు విలువ పాత మార్కెట్ వల్ల వచ్చింది. అదే బోర్డును ఎప్పుడూ మార్కెట్ లేని ఒక ఖాళీ ప్లాటు ముందు పాతితే ఏ రైతూ ఆగడు, అసలు ఆ దారిలో ఏ లారీ రాదు. పది ఖాళీ ప్లాట్ల ముందు పది బోర్డులు పెట్టినా ఫలితం అదే.

మరి ఇంతమంది ఈ మాట ఎందుకు నమ్ముతున్నారు? ఒకప్పుడు ఇందులో నిజం ఉండేది కాబట్టి. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో వెలువరించిన పద్ధతి ప్రకారం ఒక పేజీకి బయటినుంచి ఎవరెవరు లింకు ఇచ్చారన్నది ముఖ్యం, ఆ లింకులో ఏ మాటలు రాశారన్నదీ ముఖ్యం. సైటు పేరే 'చవక విమాన టికెట్లు' అయితే ఆ సైటుకు లింకు ఇచ్చే ప్రతివాడూ తెలియకుండానే ఆ మాటలే రాస్తాడు. దాంతో పేరులో కీవర్డు ఉన్న సైట్లు అంతగా పస లేకున్నా పైకి వచ్చేవి. దీనిమీద ఫిర్యాదులు పెరిగాక 2012 సెప్టెంబర్ 28న గూగుల్ ఇంజినీర్ మ్యాట్ కట్స్ ఒక మార్పు ప్రకటించారు. వెతికే మాటలతో అచ్చంగా సరిపోయే డొమైన్ పేర్లున్న నాసిరకం సైట్లను కిందికి దించడం దాని పని. అమెరికాలో ఇంగ్లిష్‌లో జరిగే వెతుకులాటల్లో 0.6 శాతం మీద దాని ప్రభావం ఉంటుందని అప్పట్లో చెప్పారు. ఆ తర్వాత ఈ దిశలోనే అడుగులు పడ్డాయి. 2024లో సవరించిన తన ప్రాథమిక ఎస్ఈఓ (సైటును సెర్చ్‌లో పైకి తెచ్చే పని) గైడులో, డొమైన్ పేరులో కీవర్డులు ఉన్నంత మాత్రాన ర్యాంకు మీద ప్రభావం దాదాపు ఉండదని గూగుల్ తేల్చి రాసింది. అంటే ఆ పేరు మీద నిజంగా ఒక సైటు నడిపినా పేరు వల్ల ఒరిగేది ఇంతే. పేజీయే లేకుండా మళ్లించిన పేరు వల్ల ఇంకేం ఒరుగుతుంది? పుష్కరకాలం కిందటి సలహా కొత్త రసీదు మీద అమ్ముడవుతుండటమే ఇక్కడి బాధ.

రీడైరెక్ట్ అనేదే దండగ అని దీనికి అర్థం కాదు. దాని అసలు ఉపయోగం ఏమిటో తెలుగు రాష్ట్రాల్లో ఈ మధ్యనే కళ్లారా చూశాం. 2024లో తెలంగాణ ప్రభుత్వం టీఎస్ బదులు టీజీ అని మార్చినప్పుడు టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది, టీఎస్ఆర్టీసీ టీజీఎస్ఆర్టీసీ అయింది, ఉన్నత విద్యామండలి అడ్రసులోనూ అక్షరాలు మారాయి. దిల్‌సుఖ్‌నగర్ స్టడీ హాళ్లలో కూర్చునే వేలమంది నోటుపుస్తకాల్లో, పాత నోటిఫికేషన్ల పీడీఎఫ్‌లలో, పత్రికల పాత వార్తల్లో ఉన్నవి పాత అడ్రసులే. సంస్థ అదే, ఫైళ్లు అవే, పేరు ఒక్కటే మారింది. ఇలాంటి సందర్భం కోసమే 301 పుట్టింది. తిరుమల తిరుపతి దేవస్థానాల కథ ఇంకా విలువైనది. దేవస్థానం తన ఆన్‌లైన్ సేవల అడ్రసును 2020లో 'తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అని మార్చుకుంది. భక్తుడు వెతికే మాటే అడ్రసులో ఉంది కదా, ఇంతకంటే మంచి కీవర్డు పేరు ఏముంటుంది? కానీ వెతికే మాట ఎవరి సొంతమూ కాదు. అదే మాటకు చుక్కల బదులు అడ్డగీతలు పెట్టి, చివర 'ఆర్గ్' తగిలించి ఒక నకిలీ సైటు వెలసింది. 2023 ఏప్రిల్‌లో దేవస్థానం ఫిర్యాదు మీద తిరుమల పోలీసులు దానిపై కేసు పెట్టేనాటికే అలాంటివి మరో 40 బయటపడి ఉన్నాయి. 2024 జనవరిలో దేవస్థానం ఆ కీవర్డు పేరును వదిలి సంస్థ సొంత పేరైన 'టీటీదేవస్థానమ్స్'తో కొత్త అడ్రసుకు మారింది. ఒకే సంస్థ, ఒకే వెబ్‌సైటు, ఒకే యాప్ అన్నది అప్పుడు చెప్పిన కారణం. తిరుమల అంతటి సంస్థే జనం వెతికే మాటను వదిలి తన పేరు మీద నిలబడాలనుకుంటే, చైతన్యపురిలో మూడో అంతస్తులో నడిచే కోచింగ్ సెంటర్ అందుకు ఎదురు దారిలో వెళ్లి బాగుపడేదేమిటి?

ప్యాకేజీ అమ్మేవాళ్లలో కొంత తెలిసినవాళ్లు ఇంకో అడుగు ముందుకు వేస్తారు. ఖాళీ పేరును మళ్లిస్తే లాభం లేదని వాళ్లకూ తెలుసు. అందుకని ఒక్కో పేరు మీద ఒక్కో పేజీ తయారుచేస్తారు. 'దిల్‌సుఖ్‌నగర్‌లో ఉత్తమ కోచింగ్', 'ఎల్బీనగర్‌లో ఉత్తమ కోచింగ్', 'వనస్థలిపురంలో ఉత్తమ కోచింగ్', 'హయత్‌నగర్‌లో ఉత్తమ కోచింగ్' అంటూ ఊరి పేరు తప్ప మిగతాదంతా ఒకటే రాత. ఏ బటన్ నొక్కినా చేరేది ఒకే ఇన్‌స్టిట్యూట్ ఫారానికి. వీటిని డోర్‌వే పేజీలు అంటారు. గూగుల్ 2015 మార్చిలో వీటి మీద ప్రత్యేకంగా ఒక సవరణ తెచ్చింది. ఒక్కో ఊరికీ ప్రాంతానికీ ఒక్కో డొమైన్ పెట్టి అందరినీ ఒకే పేజీకి తోలడం స్పామ్ అని దాని నిబంధనల్లో ఉదాహరణగానే రాసి ఉంది. ఖాళీ మళ్లింపు డబ్బు దండగతో పోతుంది. ఈ డోర్‌వే పేజీల వల్ల ఇన్‌స్టిట్యూట్ అసలు సైటే ఫలితాల్లోంచి దిగజారే ప్రమాదం ఉంది. అది యజమాని నష్టం. నన్ను ఎక్కువ కలవరపెట్టేది విద్యార్థి నష్టం. 'దిల్‌సుఖ్‌నగర్‌లో టాప్ 10' అన్న పేరు చూస్తే ఎవరో పక్షపాతం లేనివాళ్లు పదింటినీ పోల్చి రాశారని ఆ పిల్లవాడు అనుకుంటాడు. నిజానికి అది ఒక్క దుకాణం వేసుకున్న ముసుగు. బోర్డు మీద తన పేరు పెట్టుకున్నవాడు ఎంత పొగుడుకున్నా అది ప్రకటన అని తెలుస్తుంది, వినేవాడు కొంత తగ్గించి వింటాడు. అమ్మేవాడెవడో దాచిపెట్టి చేసే పొగడ్తకు ఆ తగ్గింపు ఉండదు. పొలం మీద అప్పు తెచ్చి కట్టే ఫీజు మీద జరిగే మోసం ఇది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో కోచింగ్ రంగంలో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగం గ్యారంటీ, సెలక్షన్ గ్యారంటీ లాంటి అబద్ధపు హామీలు కూడదంది. ర్యాంకు వచ్చినవాళ్ల ఫొటో వాడుకోవాలంటే వాళ్ల అనుమతి ఉండాలని, వాళ్లు ఏ కోర్సు తీసుకున్నారో చెప్పాలని అంది. ప్రకటన ఫ్లెక్సీ మీద ఉన్నా, కీవర్డులతో కట్టిన సైటులో ఉన్నా ఆ నియమాలు వర్తిస్తాయి.

దీనికి యజమానుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు కొట్టిపారేయదగ్గవి కావు. కళ్లముందు కీవర్డు పేర్లున్న సైట్లు ఫస్ట్ పేజీలో కనిపిస్తుంటే ఇదంతా ఎలా నమ్మాలి అన్నది మొదటిది. కనిపిస్తాయి, నిజమే. 2012 మార్పు కూడా నాసిరకం సైట్ల మీదే గానీ అలాంటి పేర్లన్నిటి మీదా కాదు. కానీ పైన కనిపించే వాటిని తెరిచి చూస్తే అవి ఏళ్ల తరబడి నడుస్తున్న సైట్లు, సిలబస్, పాత ప్రశ్నపత్రాలు, ఫీజుల వివరాలు ఉన్నవి, పది చోట్ల నుంచి లింకులు సంపాదించినవి అయి ఉంటాయి. వాటిని నిలబెట్టింది ఆ సరుకు. పేరును చూసి సరుకును మరిచిపోవడం వల్లే పక్కవాడు అదే తరహా పేరు కొని ఖాళీగా మళ్లించి, ర్యాంకు రాలేదని బాధపడతాడు. అచ్చ తెలుగు లిపిలో, చివర డాట్ భారత్ ఉన్న పేరు కొంటే ఎలా ఉంటుందని కూడా కొందరు అడుగుతుంటారు. తెలుగులో అడ్రసు ఉండటం సంతోషమే, ఆ వెసులుబాటు మనకు ఉంది. కానీ కంప్యూటర్ల లోపల అది కూడా ఇంగ్లిష్ అక్షరాల వరసగా మారే తిరుగుతుంది. లిపి మారినంత మాత్రాన ఖాళీ పేరుకు బరువు రాదు.

మేం కొనకపోతే పోటీవాడు కొంటాడు గదా అన్నది రెండో అభ్యంతరం. ఇందులో సగం సబబే. కొనాల్సింది మాత్రం ఏరియా పేర్లు కాదు, తమ సొంత పేరుకు ఉన్న రకరకాల స్పెల్లింగులు. మన పేర్లను ఇంగ్లిష్‌లో ఎవరి తీరున వాళ్లు రాస్తారు. లక్ష్మిని కొందరు ఎక్స్‌తో రాస్తే కొందరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు, చౌదరికి నాలుగు రకాలున్నాయి, దిల్‌సుఖ్‌నగర్‌లోనే మధ్యలో హెచ్ పెట్టేవాళ్లూ తీసేసేవాళ్లూ ఉన్నారు. విద్యార్థి తప్పు స్పెల్లింగ్ కొట్టినా అసలు సైటుకే చేరేలా ఇంకో రెండు మూడు పేర్లు కొని మళ్లించుకోవడం మంచి పని. అలాగే కరపత్రం మీదో, ఆటో వెనకో వేయడానికి నోట్లో నిలిచే చిన్న పేరు ఒకటి పెట్టుకుని అసలు సైటుకు మళ్లించడంలోనూ అర్థం ఉంది, ఏ కరపత్రం ద్వారా ఎంతమంది వచ్చారో కూడా దానితో లెక్క తెలుస్తుంది. ఈ రెండూ మనుషులకు పనికొచ్చే రీడైరెక్టులు, వీటివల్ల ర్యాంకు పెరుగుతుందని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక ఇతరుల పేరుకు దగ్గరగా ఉండే పేరు కొని వాళ్ల విద్యార్థులను తమవైపు తిప్పుకోవడం వేరే సంగతి, దానికి కోర్టులున్నాయి. ఈ విషయంలో దేశానికంతటికీ దారి చూపిన తీర్పు మన హైదరాబాద్ సత్యం గ్రూపు కంపెనీ అయిన సత్యం ఇన్ఫోవే వేసిన కేసులోనే వచ్చింది. ఆ కంపెనీ తన పేరులోంచి కూర్చుకున్న 'సిఫీ' అన్న మాటతో 1999లో డొమైన్లు నమోదు చేసుకుంది. 2001 నుంచి మరో సంస్థ 'సిఫీనెట్' అని ఎఫ్ అక్షరం ఒకటి అదనంగా చేర్చి వాడుకుంది. బెంగళూరు సివిల్ కోర్టు ఆపమంది, కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును తీసేసింది, 2004 మే 6న సుప్రీంకోర్టు మళ్లీ సత్యం ఇన్ఫోవే పక్షాన నిలిచింది. డొమైన్ పేరు వట్టి అడ్రసు కాదని, దానికి ట్రేడ్‌మార్క్ లక్షణాలన్నీ ఉండవచ్చని, ఒకరి కోసం వెతికేవాడు పొరపాటున ఇంకొకరి దగ్గరికి చేరడం అంటే వ్యాపారం దారి మళ్లడమేనని చెప్పింది. ఈ రక్షణ దొరికేది సొంతంగా సంపాదించుకున్న పేరుకు. ఏరియా పేరు, కోర్సు పేరు కలిపిన మాట మీద హక్కు నాది అని కోర్టులో చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మూడోది. కొత్త పేరు ఖాళీ కాబట్టి పని చేయదు, సరే, మరి మూతపడిన పాత సంస్థ డొమైన్ గడువు తీరితే దాన్ని కొని మళ్లిస్తే? దానికి పాత లింకులు ఉంటాయి కదా. నా వాదనను అనుసరిస్తే ఇది పని చేయాలి, నిజానికి చాలాకాలం చేసింది కూడా. 301 వల్ల లింకుల విలువ తరిగిపోదని గూగుల్‌కు చెందిన గ్యారీ ఇలియస్ 2016లో చెప్పారు. అమెరికాలో 'ది హెయిర్‌పిన్' అనే స్త్రీల పత్రిక 2018లో మూతపడితే, ఆ డొమైన్‌ను ఒకతను కొని, కృత్రిమ మేధతో రాయించిన చవకబారు వ్యాసాలతో నింపిన సంగతి 2024 జనవరిలో వైర్డ్ పత్రిక రాసింది. అదే ఏడాది మార్చి 5న గూగుల్ గడువు తీరిన డొమైన్ల దుర్వినియోగాన్ని స్పామ్ నిబంధనల్లో చేర్చింది. ఒకప్పటి ప్రాథమిక పాఠశాల సైటులో జూదం సరుకు పెట్టడం, స్వచ్ఛంద వైద్య సంస్థ సైటులో వైద్య ఉత్పత్తులు అమ్మడం అది ఇచ్చిన ఉదాహరణలు. సంబంధం లేని పాత పేజీలన్నిటినీ కట్టగట్టి హోమ్‌పేజీకి తోస్తే వాటిని లేని పేజీల కిందే లెక్కగడతామని అంతకు ముందు నుంచే గూగుల్ వాళ్లు చెబుతున్నారు. ఏ సంస్థ ఏ పేరుతో విశ్వాసం సంపాదించిందో ఆ సంస్థే దాన్ని తీసుకెళ్తుంటే రీడైరెక్ట్ నిజాయితీగా ఉన్నట్టు. కోవిడ్‌లో దెబ్బతిన్న ఇన్‌స్టిట్యూట్‌ను పక్కవాళ్లు ఒప్పందంతో తీసుకుని, ఫ్యాకల్టీనీ పాత బ్యాచ్‌లనూ కలుపుకుంటే వాళ్ల డొమైన్‌ను మళ్లించుకోవడానికి పూర్తి హక్కు ఉంది. సంస్థ చచ్చిపోయాక దాని పేరు మాత్రం వేలంలో పట్టుకొచ్చి తగిలించుకుంటే మోసపోయేది యంత్రం ఒక్కటే కాదు, ఆ పేరు మీద నమ్మకంతో వచ్చే మనిషి కూడా. ఈ నమ్మకం విలువ ఎంతో దొంగలకు బాగా తెలుసు. గవ్ డాట్ ఇన్ అడ్రసుల్లోంచి దాదాపు నాలుగు డజన్ల లింకులు ఆన్‌లైన్ బెట్టింగ్ సైట్లకు మళ్లుతున్నాయని 2024లో టెక్‌క్రంచ్ రాసినప్పుడు ఆ లింకులున్న రాష్ట్రాల జాబితాలో తెలంగాణ కూడా ఉంది. కీవర్డు పేర్లు వందలు కొనగలిగిన బెట్టింగ్ వాళ్లు సర్కారు సైట్లలోకి చొరబడి దారి మళ్లించడానికి ఎందుకు తంటాలు పడ్డారో ఆలోచిస్తే, ర్యాంకు ఎక్కడినుంచి వస్తుందో అర్థమవుతుంది.

ఇంత చెప్పాక చిన్న యజమాని చేయాల్సిందేమిటన్నది మిగిలింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ వెతికే వాడికి ఫోన్‌లో ముందుగా కనిపించేది చాలాసార్లు మ్యాప్, దాని కింద మూడు పేర్లు. వాటిని ఎంచడంలో మూడు సంగతులు చూస్తామని గూగుల్ చెబుతుంది: వెతికిన దానికి సంబంధం ఉందా, ఎంత దూరంలో ఉంది, జనంలో ఎంత పేరుంది. ఇక్కడ డొమైన్ పేరు ఊసే లేదు. ఈ మ్యాప్ నమోదులో కూడా బోర్డు మీద ఉన్న అసలు పేరే రాయాలి, వెనక 'బెస్ట్ గ్రూప్-2 కోచింగ్ ఇన్ దిల్‌సుఖ్‌నగర్' అని తగిలించడం నిబంధనలకు విరుద్ధం. పది డొమైన్లకు ఏడాదికి పెట్టే డబ్బుతో ఒక మనిషి చేత నాలుగు రోజులు పని చేయించి సొంత సైటులో మంచి పేజీలు రాయించుకోవచ్చు. ఫ్యాకల్టీ ఎవరు, ఏ బ్యాచ్ ఎన్ని గంటలకు, ఫీజు ఎంత, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, మెట్రో పిల్లర్ నంబర్ ఎంత, లేడీస్ హాస్టల్ ఎంత దూరం అన్నవే సూర్యాపేట నుంచి కూతుర్ని పంపే తండ్రికి కావలసిన వివరాలు. ఇవి తెలుగులో, ఇంగ్లిష్‌లో దాచకుండా రాసి పెట్టిన సైట్లు తక్కువ కాబట్టే, రాసినవాళ్లకు అవకాశం ఎక్కువ. ఫలానా సెంటర్లో చదివాను, బాగుంది అని ఒక విద్యార్థి తన సొంత మాటల్లో ఎక్కడో రాసి లింకు ఇస్తే, ఆ ఒక్క లింకు మళ్లించిన పది ఖాళీ పేర్ల కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇప్పటికే పది పేర్లు కొనేసినవాళ్లు వాటిని ఉన్నపళంగా వదిలేయకూడదు. ముందుగా వాటిలో ఏవి ఎక్కడెక్కడ అచ్చయ్యాయో చూసుకోవాలి. కరపత్రం మీద, క్యూఆర్ కోడ్‌లో, నోట్సు అట్ట మీద, కోర్సు పూర్తయ్యాక ఇచ్చే సర్టిఫికెట్ మీద ఎక్కడా లేని పేర్లను గడువు తీరాక వదిలేస్తే నష్టం లేదు. అచ్చయిన పేరును రెన్యువల్ చేయకుండా వదిలితే మాత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు. రేపు ఉద్యోగం ఇచ్చే కంపెనీ హెచ్ఆర్ మనిషి సర్టిఫికెట్ నిజమో కాదో చూద్దామని ఆ అడ్రసు కొడితే రమ్మీ ఆట తెరుచుకుంటుంది, దానికి సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆ విద్యార్థి. సైటు మారినప్పుడు రీడైరెక్టును కనీసం ఏడాది ఉంచమని గూగుల్ సలహా. అది సెర్చ్ ఇంజిన్ సరిపెట్టుకోవడానికి పట్టే కాలం. సర్టిఫికెట్ ఆయుష్షు అంతకంటే చాలా పెద్దది. డాట్ కామ్ పేరును ఒకేసారి పదేళ్లకు కట్టుకునే వీలుంది. డబ్బు పెట్టాలనుకుంటే ముందుగా ఆ ఒక్క పేరుకు పెట్టాలి, అదీ ప్యాకేజీ అమ్మినవాళ్ల ఖాతాలో కాకుండా ఇన్‌స్టిట్యూట్ సొంత మెయిల్, సొంత ఫోన్ నంబర్ మీద.